వానాకాలం డైపర్లు

మే 4

భోజనాల దగ్గర కోడలు ఇసిడోరా ప్రకటన చేసింది. పుట్టబోయే బిడ్డకు వాడి పారేసే డైపర్లు వాడదట. గుడ్డవే వాడుతుందట. భూమికి మంచిదట.

"భూమి సంగతి సరే, ఉతికేదెవరమ్మా?" అన్నాను.

"మెషిన్ ఉందిగా అత్తయ్యా."

"ఆరబెట్టేదెవరు? ఈ వాల్దివియాలో మే నుంచి సెప్టెంబరు దాకా ఆకాశానికి చిల్లే కదా. ఎండ కాస్తే పేపర్లో వేస్తారు."

మా అబ్బాయి నెల్సన్ సూప్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి వాడికి సూప్ మీద శ్రద్ధ బాగా పెరిగింది.

వాణ్ణి పెంచిన రోజుల్లో నాకున్నవి నలుచదరపు గుడ్డలు, పిన్నీసులు. చలికాలం చన్నీళ్ళలో ఉతికి ఉతికి చేతులు పగిలి నెత్తురొచ్చేది. ఆఖరి గుడ్డతో నేల తుడిచిన రోజున, ఇక ఈ జన్మలో వీటి జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను. గుడ్డ డైపర్లకు నేను పూర్తిగా వ్యతిరేకం. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు.

మే 6

గుడ్డ డైపర్లను మించినవి లేవు.

వియ్యపురాలు పిలార్ శాంటియాగో నుంచి ఫోన్ చేసింది. "ఎడెల్మీరా వదినా, కడుపుతో ఉండి దానికి మతి పోయినట్టుంది. పారేసేవే నేను ఇక్కణ్ణుంచి పెట్టెలకి పెట్టెలు పంపిస్తాను. మీ ఊళ్ళో మంచివి దొరకవుగా పాపం" అంది.

'మీ ఊళ్ళో' అనే మాట ఆవిడ నోట ఎలా వస్తుందంటే, చెప్పు కింద అంటుకున్నదేదో చూసి చెబుతున్నట్టుంటుంది.

"మా ఇంట్లో అలాంటివి వాడం వదినా. భూమికి మంచిది కాదు" అన్నాను.

పక్కనే ఉన్న ఇసిడోరా నన్ను కావలించుకుంది. పొట్ట అడ్డం రావడం వల్ల సగమే కుదిరింది.

మే 9

కోడలూ నేనూ డైపర్ల దుకాణానికి వెళ్ళాం. బయట కుండపోత. లోపల అమ్మే పిల్ల వట్టి కాళ్ళతో తిరుగుతోంది. అడుగడుక్కీ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి మరీ మాట్లాడుతుంది. నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసిన రోజుల్లో అలా మాట్లాడి ఉంటే క్యూ నదిదాకా వెళ్ళేది.

ఇప్పటి డైపర్లు గుడ్డలు కావు. బొత్తాలూ, ఎలాస్టిక్కూ, పొరలూ. ఇసిడోరాకి నచ్చినవి విడి పొర రకం. పై తొడుగు వేరు, లోపలి మెత్త వేరు. విడదీసి ఆరేస్తే త్వరగా ఆరతాయంది. నాకు చూపించినవి ఆల్-ఇన్-వన్ రకం. తడిని ఆపే పై పొరా, తడి పీల్చే లోపలి పొరా అన్నీ కలిపి ఒకటిగా కుట్టేసి ఉంటాయి. తొడగడం, విప్పడం, అంతే. కాకపోతే మందం. ఆరడానికి టైం పడుతుంది.

"ఎన్నాళ్ళు వస్తాయమ్మా ఇవి?" అని అడిగాను.

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. "మంచి కుట్టు ఉన్నవైతే బిడ్డకు మూడేళ్ళొచ్చేదాకా వస్తాయి పెద్దమ్మా. తర్వాత రెండో బిడ్డకి కూడా."

మూడేళ్ళు. రెండో బిడ్డ.

ముదురాకుపచ్చవి తీసి చూశాను. ఎలాస్టిక్ లాగాను. తొడల దగ్గర కుట్టు రెండు వరసలు. బొత్తాలు పెట్టీ తీసీ, పెట్టీ తీసీ చూశాను. పక్కన కొనుక్కుంటున్నావిడ తన పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

"అత్తయ్యా, ఇవి ఆరవేమో" అంది ఇసిడోరా.

"కట్టెల పొయ్యి పక్కన ఆరనిదంటూ ఉండదు. మన్నిక చూడు. మన్నిక ముఖ్యం."

అవే తీసుకున్నాం. నేను కుట్టు మాత్రమే చూశాను. ఇంకేమీ ఆలోచించలేదు.

మే 17

కాబోయే తల్లుల క్లాసుకి తోడు వెళ్ళాను. గంటసేపు ఒక బొమ్మకు డైపర్ తొడిగారు. "బిడ్డతో సంభాషిస్తూ తొడగండి" అంది టీచర్. నా బొమ్మతో "కదలకు, చలి" అన్నాను. "ఇంకాస్త ప్రేమగా" అంది. "కదలకమ్మా, చలి" అన్నాను.

మే 22

పిలార్ మరిది కంపెనీలో నెల్సన్‌కి ఉద్యోగం ఉందట. శాంటియాగోలో. ఇక్కడి పడవల కార్ఖానాలో కన్నా పెద్ద జీతం, పెద్ద ఫ్లాట్. ఫోన్లో అరగంట అదే మాట. నెల్సన్ "ఆలోచిస్తాను అత్తయ్యగారూ" అన్నాడు.

వాళ్ళ ఇష్టం. నాకేం? ఎక్కడుంటే ఏం?

ఆకుపచ్చవి ఒకసారి ఉతికి చూశాను. కుట్టు కదల్లేదు. మూడేళ్ళు ఖాయం.

జూన్ 12

ఆడపిల్ల. ఎలీసా. నా గెడ్డమే.

జూన్ 20

ఆకుపచ్చవి నిన్న ఉతికినవి ఇవాళ కూడా తడిగానే ఉన్నాయి. పొయ్యి చుట్టూ తీగ కట్టాను. ఇల్లంతా ఉడుకుతున్న గొర్రె వాసన.

ఇసిడోరా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కట్టెలు పచ్చివి వచ్చాయి ఈసారి. పొయ్యి పొగ.

జూన్ 24

శాంటియాగో నుంచి పార్శిల్. నేను మూడేళ్ళు మూడేళ్ళు అని చెప్పి చెప్పి పిలార్‌కి పౌరుషం తెప్పించినట్టున్నాను. పారేసేవి కాదు, ఆవిడ కూడా ఆల్-ఇన్-వన్‌లే పంపింది. లేత గులాబీరంగు మీద పొడుగు మెడ లామా జంతువుల బొమ్మలు. లామాలకు కళ్ళజోళ్ళు. "ఇవి త్వరగా ఆరతాయి వదినా, సన్నటి బట్ట. మా వీధిలో అందరూ ఇవే వాడతారు" అని చీటీ.

ఇసిడోరా నవ్వింది. పురుడయ్యాక నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. లామాలను చూసి.

పాపకు తొడిగితే నప్పాయి కూడా. తడి కారలేదు. సాయంత్రానికల్లా ఆరిపోయాయి.

నాకు ఆ రంగు నచ్చలేదు.

జూన్ 27

పసిబిడ్డ వస్తువులు మరగబెట్టాలి. అది నా కాలం నుంచీ ఉన్న పద్ధతి. క్రిములు చస్తాయి. లామా డైపర్లను పెద్ద కుండలో వేసి, బంగాళదుంపలు ఉడికేంతసేపు ఉంచాను. ఆకుపచ్చవి వేయలేదు. కుండలో చోటు లేదు.

జూన్ 28

లామా డైపర్ల లోపలి పొర పాల మీద మీగడలా ముడతలు పడి ఊడి వచ్చింది. పాప నెల్సన్ చొక్కా తడిపేసింది, కార్ఖానాకి వెళ్ళేముందు.

"శాంటియాగో సరుకు" అన్నాను. "పైపై మెరుగులు."

నేను ఫోన్ చేసి చెప్పాను పిలార్‌కి. మనసు కష్టపెట్టుకోవద్దన్నాను. అందరికీ అన్నీ ఎంచుకోవడం రాదని ఓదార్చాను.

ఆవిడ అంతా వింది. ఆ తర్వాత "నేనే వస్తున్నాను" అంది.

జూలై 3

పిలార్ దిగింది. తెల్ల కోటు. ఈ ఊరికి తెల్ల కోటుతో వచ్చింది.

"వదినా, ఇంట్లో భలే వెచ్చగా ఉందే" అని, తీగ మీద డైపర్లు మొహానికి తగిలితే, "ఓహో, ఇవేనా మీ మన్నికవి? కాళ్ళు తుడుచుకునే పట్టల్లా ఉన్నాయి" అంది.

"మన్నికగలది ఏదైనా చూడ్డానికి అలాగే ఉంటుంది వదినా. నన్ను చూడండి."

ఆవిడ నన్ను చూసింది. ఒప్పుకుంది.

ఆవిడకి నా గది ఇచ్చాను. నేను వంటింటి పక్క బల్ల మీద పడుకుంటున్నాను. ఏం కష్టం లేదు. నడుం కొంచెం.

జూలై 5

పాపకు చర్మం ఒరుసుకుపోయింది. తొడల దగ్గర ఎర్రగా. డైపర్ పూర్తిగా ఆరకుండా తొడిగామంది డాక్టరు.

పిలార్ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. వాన.

"మా దగ్గర ఎండ ఉంటుంది" అంది ఆవిడ గాలితో అన్నట్టు. "బాల్కనీలో వేస్తే గంటలో పెళపెళలాడతాయి."

"మీ దగ్గర పొగమంచు లాంటి కాలుష్యం కూడా ఉంటుందిగా వదినా. తెల్లవి వేస్తే బూడిదరంగులో దిగుతాయట."

ఇసిడోరా స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వచ్చింది. బయటికి వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కట్టెలవాణ్ణి మార్చాలి. పొగ మరీ ఎక్కువైంది.

జూలై 8

ఇవాళ జరిగింది రాయాలి. వరసగా రాస్తాను.

పొద్దున్న నేను రొట్టె కోసం బయటికి వెళ్ళాను. వచ్చేసరికి ఇల్లంతా కాలిన రబ్బరు కంపు. పిలార్ ఆకుపచ్చ డైపర్లన్నీ తీసి పొయ్యిగొట్టానికి చుట్టి పెట్టింది. ఎలాస్టిక్ వేగుతున్న అప్పడంలా పెటపెటలాడుతోంది. ఒకటి గొట్టానికే అతుక్కుపోయింది.

"అయ్యో వదినా, త్వరగా ఆరతాయని పెట్టాను. ఇంత వేడెక్కుతుందని నాకేం తెలుసు? మాకు కట్టెల పొయ్యి ఉండదుగా" అంది. మొహం మీద ఎంత బాధో! ఆ బాధ నాకు బాగా తెలుసు. జూన్ 28న నేను అదే మొహం పెట్టుకుని ఫోన్ చేశాను.

"మీరు కావాలనే చేశారు!" అన్నాను.

"నేనా? నా లామాలను కుండలో ఉడకబెట్టింది ఎవరు? పక్కింటావిడ చెప్పింది నాకు. మీరు గొప్పగా చెప్పుకున్నారట!"

"క్రిముల కోసం!"

"క్రిములు నా డైపర్లకే పట్టాయా?"

"మూడేళ్ళు వచ్చే సరుకు తగలబెట్టారు!"

"మూడేళ్ళు ఎవరిని కట్టిపడేద్దామని వదినా? నా కూతుర్నా?"

 ఆవిడ అలా అనేసరికి నా నోటికి చాలా మాటలొచ్చాయి. ఏమన్నానో ఇక్కడ రాయను. ఆవిడ అన్నవీ రాయను. ఇద్దరి ఈడుకీ తగని మాటలు. గొట్టం మీది డైపర్‌ని నేనో వైపు, ఆవిడో వైపు లాగుతున్నాం. అది రెండుగా చిరిగింది. కుట్టు దగ్గర కాదు. కుట్టు నిలిచింది.

అప్పుడు ఇంట్లో చప్పుడు లేదని తెలిసింది. పాప ఏడుపు లేదు. గదిలో ఎవరూ లేరు. పాపను కట్టుకునే పొడుగు గుడ్డ లేదు, ఇసిడోరా గొడుగు మాత్రం మూలనే ఉంది. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎప్పుడు వెళ్ళిందో ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు.

పిలార్ తెల్ల కోటు వేసుకుంది, ఒక చెయ్యే దూర్చింది, రెండోది వేలాడుతోంది. "వదినా, నేను రాకముందు ఫోన్లో నాతో ఏదోలా మాట్లాడింది. పురుడైన ఒంటికి మామూలేలే అన్నాను. అంతే అన్నాను" అంది.  ఆ ఎర్ర కళ్ళు నాకు గుర్తొచ్చాయి. పొగ కాదని నాకు తెలుసు. మా పొయ్యిలో ఎప్పుడూ పొగ రాదు.

వానలో వెళ్ళాం. రొట్టెల కొట్లో అడిగాం, ఫార్మసీలో అడిగాం. ఫార్మసీ అతను "ఇందాకే వచ్చింది, నది వైపు వెళ్ళింది" అన్నాడు. నది అనగానే పిలార్ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. వదిలించుకోలేదు. కాయే-కాయే నది నిండుగా, నల్లగా పారుతోంది. ఇద్దరం వయసు మరిచి పరుగెత్తాం. నా చెప్పు ఒకటి ఎక్కడో పోయింది.

చేపల బజారు రేకుల కింద కూర్చుని ఉంది. ముందు బల్ల మీద పొగలు కక్కే సొపైపియాలు, అంటే నూనెలో వేయించిన గుమ్మడి రొట్టెలు, పచ్చిమిరప కారం. తింటోంది. పాప గుండెల మీద గుడ్డలో నిద్రపోతోంది. ఎదురుగా మెట్ల మీద సముద్ర సింహాలు కొవ్వెక్కి పడుకుని ఆవలిస్తున్నాయి. ముగ్గురిలో, అంటే తల్లీ, పిల్లా, సముద్ర సింహాల్లో ఎవరికీ ఏ కంగారూ లేదు.

"తల్లీ! చలిగాలిలో పిల్లనేసుకుని..." అని పిలార్.

"ఇసిడోరా, కనీసం గొడుగైనా..." అని నేను.

"కూర్చోండి ఇద్దరూ" అంది. "మాట్లాడకుండా."

కూర్చున్నాం. తడిసిన బెంచీ.

"పాపకి పారేసే డైపర్ వేశాను. ఇందాకే కొన్నాను. ఎవరూ ఏమీ అనకండి."

అనలేదు.

"పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు రోజూ మీ ఇద్దరి మొహాలూ చూసి డైపర్ తీస్తున్నాను. ఆకుపచ్చది వేస్తే అమ్మకి కోపం. బొమ్మలవి వేసినప్పుడు అత్తయ్యకి కోపం. నేను రోజూ స్నానాలగదిలో ఏడుస్తున్నాను. అత్తయ్య పొగ అంటారు. నువ్వు ఒంటి మార్పులంటావమ్మా. ఎందుకేడుస్తున్నావని ఒక్కరూ అడగలేదు."

పిలార్ నోరు తెరిచింది. నేను ఆవిడ కాలు తొక్కాను. చెప్పులేని కాలితో.

"ఎందుకేడుస్తున్నావమ్మా?" అన్నాను.

ఇసిడోరా కాసేపు నమలడం ఆపింది. "నిద్ర లేదు అత్తయ్యా. దీన్ని చూస్తే ప్రేమ పొంగుకు రావాలంటారు అందరూ. నాకు భయమే వస్తోంది. మీరు నన్ను అడక్కుండా డైపర్ల గురించి అడుగుతారు. అది నాకు తెలుసు కదా అని నేనూ డైపర్ల గురించే మాట్లాడుతున్నాను."

అప్పుడు నెల్సన్ వచ్చాడు, కార్ఖానా బూట్లతోనే. ముందు వాడికే ఫోన్ చేసిందట. వాడు మా ఇద్దరినీ చూశాడు. ఎదురుగా సూప్ లేదు. అందుకేనేమో మాట్లాడాడు.

"అమ్మా, అత్తయ్యగారూ. శాంటియాగో ఉద్యోగం వద్దని పోయిన నెలే చెప్పేశాను. ఊరి చివర కోయికోలో చిన్న ఇల్లు మాట్లాడాను. నెలాఖరుకి మారిపోతాం. డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్తున్నాం రేపు, ఇసిడోరా కోసం."

"పోయిన నెలే?" అంది పిలార్. "నాకు చెప్పలేదే!"

"నాకూ చెప్పలేదు" అన్నాను.

"భయమేసింది" అన్నాడు నా కొడుకు, అంత పొడుగు మనిషి.

పిలార్ ఓడిపోయిందని మొదట నాకు అర్థమైంది. నేనూ ఓడిపోయానని అర్థం కావడానికి ఇంకో సొపైపియా తినేంత టైం పట్టింది.

జూలై 9

పిలార్ బస్సు రేపు గానీ లేదు. రోడ్డు మీద నీళ్ళట. ఇద్దరం పొయ్యి ముందు చక్కెర వేసుకుని మాతే ఆకు కషాయం తాగాం. ఒకే గిన్నె, పీల్చే గొట్టం కూడా ఒకటే, ఒకరి తర్వాత ఒకరు.

"చక్కెర వేసినా మీ మాతే మరీ చేదు వదినా."

"మీ వాళ్ళు మరిగే నీళ్ళు పోస్తారు, మాడిపోతుంది."

"మరగబెట్టడం గురించి మీరు చెప్పాలి మరి!"

ఇద్దరం అనుకోకుండా నవ్వాం. ఆవిడ అంది, "ఇసిడోరా పుట్టినప్పుడు నాకూ అలాగే భయమేసింది వదినా. మా అత్తగారు పొగ అనలేదు, గాలి సోకిందంది." నేను గిన్నె నింపి ఆవిడకే మళ్ళీ ఇచ్చాను, నా వంతు అయినా సరే.

జూలై 31

వాళ్ళు వెళ్ళారు. బండి నిండా సామాను. ఊరికి ఆ చివర. దూరమేం కాదు. దూరమేం కాదు.

ఆగస్టు 13

పిలిస్తేనే వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. పిలవలేదు. బాగుంది. బోలెడు టైం.

ఆగస్టు 18

పిలార్ ఫోన్. "మిమ్మల్ని పిలిచిందా?" అంది. "లేదు, మిమ్మల్ని?" అన్నాను. "లేదు" అంది. ఇద్దరికీ కాస్త ఊరటగా అనిపించింది.

సెప్టెంబరు 2

పిలిచింది. "అత్తయ్యా, మధ్యాహ్నం రాగలరా?"

ఆపిల్ కేకు చేసుకుని వెళ్ళాను. తలుపు కొట్టాను. నా కొడుకు ఇంటి తలుపు కొట్టడం కొత్తగా ఉంది. లోపల ఇల్లు చిందరవందరగా ఉంది. నేనేమీ సర్దలేదు. రెండు చేతులూ కేకు పళ్ళెం కింద పెట్టుకుని కూర్చున్నాను.

పెరట్లో తీగ మీద డైపర్లు. విడి పొరల రకం. ఆ రోజు దుకాణంలో తను ఎంచుకున్నవే. పై తొడుగుకి కుట్టు ఒకటే వరస. చూశాను, నోరు మెదపలేదు. సొరుగులో పారేసేవి కూడా ఉన్నాయి, బయటికి వెళ్ళేటప్పుడు వాడతారట. ఆకాశం నీలంగా ఉంది. ఆ రంగు చూసి చాలా రోజులైంది.

"ఏం కావాలమ్మా నీకు?" అన్నాను.

"నిద్ర."

"వెళ్ళు."

"లేస్తే డైపర్ మార్చాలి. ముందు మెత్త పెట్టి, తర్వాత..."

"చూసుకుంటాను."

పాపను నా చేతుల్లో పెట్టింది. వారం వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నానంది, ఇప్పుడు కాస్త నయమంది. తలుపు దగ్గర ఆగి, "మొన్న ఇది నన్ను చూసి నవ్వింది అత్తయ్యా. నాకు భయమెయ్యలేదు" అంది. వెళ్ళి పడుకుంది. నిమిషంలో గురక.

పాప నా మీద పడుకుంది. గెడ్డం నాది కాదు. ఇప్పుడు చూస్తే పిలార్‌ది. చెప్పను.

ఒక చేత్తో రాస్తున్నాను. ఇంతలో కొండ వెనక నుంచి మబ్బు వచ్చేసింది. రేకుల మీద ఒక చినుకు, ఇంకో చినుకు. తీగ మీద డైపర్లన్నీ అప్పటికే ఎండి పెళపెళలాడుతున్నాయి. పరుగెత్తితే అన్నీ తీసేయొచ్చు. లేస్తే ఇది మేలుకుంటుంది. ఇది ఏడిస్తే వాళ్ళమ్మ మేలుకుంటుంది.

వాన జోరందుకుంది. డైపర్లు తడుస్తున్నాయి. నేను కదల్లేదు.